అసర్ వేళ ఆగని డ్రమ్ము

"నీ చేతుల మీద రక్తం లేదు. అదొక్కటీ చాలదప్పా," అన్నాడు మస్తాన్ వలీ. "ఇంకేముంది నీ దగ్గర?"

యిర్మీయా తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. వేళ్ళ మొదట్లో కాయలు. బొటనవేలి పక్కన పగిలి మానిన చర్మం. పగలు ఆ చేతులతో రియాద్‌లో ఏసీలు బాగుచేస్తాడు. సాయంత్రాలు సమూమ్ అనే రాక్ బ్యాండులో డ్రమ్స్ వాయిస్తాడు. సొంతూరు నరసాపురం.

ఈ రాత్రి ఇషా నమాజు తర్వాత ఆ బ్యాండు కచేరీ. టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. డ్రమ్మర్ మాత్రం స్టేజీ వెనక గదిలో కూర్చుని ఉన్నాడు. తలుపు బయట గార్డు. పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యాక పోలీసులు వస్తారు. వాళ్ళ చేతికి చిక్కితే కచేరీ పోతుంది, ఈ దేశంలో ఉండనిచ్చే ఇకామా పోతుంది. జైలు సంగతి ఆ తర్వాత.

"నా దగ్గరేముంటాదండీ," అన్నాడు యిర్మీయా. "సౌండ్ చెక్ చేస్తన్నాను. సాయంత్రం అసర్ నమాజుకి ముందు కూర్చున్నోణ్ణి, వీళ్ళొచ్చి లేపేదాకా లేవలేదండి."

"చూసినోళ్ళు?"

"మా బ్యాండోళ్ళు అప్పటికింకా హోటల్లోనే ఉన్నారండి. చూసినోళ్ళు లేరు గానీ, విన్నోళ్ళు బోల్డు మందండి. మైదానం మొత్తానికి వినపడి ఉంటాది."

"విన్నరు. గదే నీ కొంప ముంచింది," అన్నాడు తలుపు దగ్గర నిలబడ్డ మనిషి.

అతను ఆఫ్తాబ్. హైదరాబాదు వాడు. ఈ మైదానం సెక్యూరిటీకి మేనేజరు. నీలం సూటు, మెరిసే బూట్లు, చేతిలో వాకీటాకీ. గతంలో తబూక్‌లో ఒక దొంగతనం కేసు మస్తాన్ వలీ పట్టాడు. రిపోర్టు మీద పేరు ఆఫ్తాబ్ పెట్టుకున్నాడు. ఆ సంగతి ఇద్దరూ మరచిపోలేదు.

మస్తాన్ వలీ కడప జిల్లా వాడు. అక్కడ పోలీసు ఉద్యోగం వదిలేసి వచ్చి, రియాద్‌లోని మలాజ్ పేటలో ఒక ఇన్సూరెన్సు ఆఫీసుకు దర్యాప్తులు చేస్తుంటాడు. ఈ కచేరీకి ఇన్సూరెన్సు రాసింది ఆ ఆఫీసే. కాబట్టి లోపలికి రావడానికి హక్కుంది. రావడానికి కారణం మాత్రం వేరే. యిర్మీయా అక్క దీనమ్మ ఫోను చేసింది. దీనమ్మ ఆస్పత్రిలో నర్సు. మస్తాన్ వలీ భార్య మదార్‌బీ ఆ ఆస్పత్రిలోనే పోయింది. నయమైపోతుందని చివరి రోజు దాకా డాక్టరు చెబుతూ వచ్చాడు. "ఇంటికి తీసుకెళ్ళి దగ్గర కూర్చోండి అన్నయ్యగారూ" అని నిజం చెప్పింది దీనమ్మ ఒక్కతే. ఆ డాక్టర్ని మస్తాన్ వలీ క్షమించలేదు. దీనమ్మ ఫోను చేస్తే రాకుండా ఉండడు.

"కేసు చెప్పు," అన్నాడు ఆఫ్తాబ్‌తో.

"కేసు ఏముంది భాయ్, సాఫ్ ఉంది. అసర్ నమాజ్ అయినంక జనరేటర్ రూమ్‌ల రాకాన్ దొరికిండు. తల పగిలింది. స్పృహ లేదు. దవాఖానకు పంపినం. పక్కన ఇది పడి ఉంది." ప్లాస్టిక్ సంచిలో ఉన్న డ్రమ్ స్టిక్‌ని బల్ల మీద పెట్టాడు. కర్రకు రక్తం అంటి ఉంది. మొదట్లో సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉంది. "గీ ట్యూబు చుట్టుడు ఎవ్వల అలవాటు? అడుగు."

"నాదేనండి," అన్నాడు యిర్మీయా. "చెమటకి జారకుండా. మా లేబర్ క్యాంపులో ఉన్నప్పట్నించీ అలవాటు."

రాకాన్ బ్యాండు మేనేజరు. సౌదీ కుర్రాడు. పొద్దున అతనికీ యిర్మీయాకూ గొడవైంది. స్టేజీ మీద కుర్చీలు సర్దేవాళ్ళు కూడా విన్నారు.

"గొడవ దేనికి?"

"లిఫ్టండి. ఆఖరి పాటకి నన్నూ డ్రమ్స్‌నీ కలిపి పైకి లేపుతానన్నాడు. నాకెందుకు బాబూ, కింద కూర్చుని వాయించుకుంటాను అన్నాను. ఒప్పుకోలేదు. 'ఇన్నేళ్ళూ నేలమాళిగల్లో వాయించావు. ఈ పూట అందరూ తలెత్తి నిన్ను చూడాల' అని అరిచాడు. నేనూ అరిచాను." యిర్మీయా తలెత్తాడు. "ఆ పిల్లాణ్ణి నేనెందుకు కొడతానండీ? వాడికి గిటారు పట్టుకోవడం కూడా రాని రోజుల్నుంచి చూస్తన్నాను."

మస్తాన్ వలీ సంచి ఎత్తి వెలుతురుకు పట్టాడు.

"ఈ పుల్లతో మనిషి తల పగిలేంత గట్టిగా కొడితే ముందు పుల్ల విరుగుతుంది. ఇది విరగలేదు ఆఫ్తాబ్. కొట్టింది ఇనుముతో. దీనికి రక్తం తరవాత పూసినారు."

"పూసిండో, పడిందో, పోలీసులు చూసుకుంటరు. అసలు సంగతి ఇను." ఆఫ్తాబ్ ముందుకొచ్చాడు. "ఈయన ఇన్నేండ్లల్ల అజాన్ టైమ్‌ల ఒక్కపాలి గూడ డ్రమ్స్ కొట్టలే. అందరికెర్కే. ఇయ్యాల అసర్ అజాన్ అయితుంటే డ్రమ్స్ ఆగనే లేవు. గేటు కాడ మా గార్డులు తిట్టుకున్నరు. మజీదు గోడ అవతల్నే. ఎందుకు ఆగలే? కొట్టింది మనిషి కాదు గనుక. నిన్న రిహార్సల్ రికార్డు చేసిండ్రు. గా రికార్డు పెట్టి ఈయన జనరేటర్ రూమ్‌కు పోయిండు. సౌండ్ ఇంజినీరు నమాజ్ ముందు కాళ్ళుచేతులు కడుక్కోని వుజూ చేస్కుంటానికి పోయిండు, డెస్కు ఖాళీ. ఫినిష్."

యిర్మీయా మొహం పాలిపోయింది. అది భయం కాదు.

"అజాన్‌లో వాయించానా?" అన్నాడు. "అయ్య బాబోయ్. ఎంత తప్పు జరిగిపోయింది."

మస్తాన్ వలీ అతని కళ్ళలోకి చూశాడు. మెడ మీదికి కత్తి వచ్చిన వాడు కత్తి సంగతి వదిలేసి, పక్క మతంవాళ్ళ ప్రార్థనకు అడ్డొచ్చానే అని నొచ్చుకుంటున్నాడు. ఇది నటన అయితే ఈ మనిషి డ్రమ్స్ వదిలి సినిమాల్లోకి పోవాలి.

"రోజూ ఎట్లా ఆపుతావు?"

"చెవుల్లో మానిటర్లుంటాయండి. అవి పెట్టుకుంటే పక్కన పిడుగు పడ్డా వినపడదు. నా వెనకాల తబ్రేజ్ ఉంటాడు కదండీ, డ్రమ్స్ బిగించేవాడు. అజాన్ మొదలవగానే వచ్చి పెద్ద సింబల్ మీద, ఆ ఇత్తడి పళ్ళెం మీద, అరచెయ్యి పెడతాడు. అది చూడగానే ఆపేస్తాను. కొట్టబోతున్న దెబ్బ కూడా గాల్లోనే ఆపేస్తాను."

"ఎన్నాళ్ళ నుంచి?"

"బేస్‌మెంట్ రోజుల్నుంచండి. అప్పట్లో ఈ దేశంలో బయట సంగీతం వాయించనిచ్చేవాళ్ళు కాదు కదా. క్యాంపులో అయితే దిండ్ల మీద వాయించుకునేవాణ్ణి. పక్క మంచమోడు నిద్రపోవాలిగా. తర్వాత ఈ సౌదీ పిల్లలు పరిచయమయ్యారు. వాళ్ళ విల్లాల అడుగున, గోడలకి పరుపులు కట్టి వాయించేవాళ్ళం. అజాన్‌లో ఆగకపోతే వీధిలోకి తెలిసిపోతుందని తబ్రేజే ఈ పద్ధతి పెట్టాడు. ఇప్పుడు భయం లేదు. పద్ధతి ఉండిపోయింది."

"ఈ పొద్దు చెయ్యి వచ్చిందా?"

"రాలేదండి. ఇంకా వేళ కాలేదేమో అనుకుని వాయిస్తానే ఉన్నాను."

మస్తాన్ వలీ లేచాడు.

"తబ్రేజ్ యాడుండాడు?"

"పక్క రూమ్‌ల. ఆయననే గవా, సాక్షి. రాకాన్ దొరకంగనే ఇద్దర్ని అలగ్ అలగ్ కూసోవెట్టిన. ఫోన్లు గుంజుకున్న. యిర్మీయా నడుమల లేచిపోయిండని చెప్పిండు. నాకు గంతే చాలు."

"పూర్తిగా అడగలేదా?"

"అడుగుడు పోలీసుల పని."

"డ్రమ్స్ ఆగలేదన్న మాట అతనికి చెప్పినారా?"

"ఎందుకు చెప్తం?"

"చెప్పాకు. నీ గార్డుల్ని కూడా నోరు మూసుకోమను. ఆ జనరేటర్ గది చూపించు."

*

గది స్టేజీ వెనక, రేకుల షెడ్డు. రెండు పెద్ద జనరేటర్లు ఆగకుండా నడుస్తున్నాయి. తలుపు తీయగానే వేడి, డీజిలు వాసన, చెవులు పగిలే మోత.

"నేను బయటనే ఉంట. సూటు ఖరాబైతది," అని ఆఫ్తాబ్ గుమ్మంలో ఆగిపోయాడు.

మస్తాన్ వలీ లోపలికెళ్ళి తలుపు వేసుకున్నాడు. నేల మీద సుద్దతో గీసిన గుర్తు ఉంది. రాకాన్ తల తలుపు వైపు ఉంది, కాళ్ళు లోపలి వైపు. అంటే లోపలి నుంచి బయటికి పోతుండగా వెనక నుంచి దెబ్బ పడింది. లోపల ఏదో చూసి, ఎవరికో చెప్పడానికి పరుగెత్తాడు.

లోపల ఏముంది? రెండు జనరేటర్లు. వాటికి అవతల మూలగా, స్టేజీ లిఫ్టుకు ఆయిలు పంపే పంపు. దాని నుంచి లావు గొట్టం గోడలోకి పోయింది. గొట్టం పొడుగునా ఎడారి దుమ్ము. పంపు దగ్గరి బిగింపు మీద మాత్రం దుమ్ము లేదు. పంపు కింద నేల మీద నాలుగు ఎర్రటి చుక్కలు. రాకాన్ పడిన చోటికి అది చాలా దూరం. ఇంత దూరం రక్తం ఎలా వచ్చింది? ఇంకొకరికి దెబ్బ తగిలిందా? మస్తాన్ వలీ చేతిరుమాలుతో వాటిని అద్ది, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

తలుపు తీసుకుని బయటికొచ్చాడు. ఆఫ్తాబ్ గడియారం చూసుకుంటున్నాడు.

"ఏం భాయ్, మగ్రిబ్ అజాన్ గూడ అయిపాయె. ఇంక ఎంతసేపు?"

మస్తాన్ వలీ ఆగిపోయాడు.

మసీదు మినారు గోడ మీదుగా కనిపిస్తోంది. దాని మైకులు రెండు సరిగ్గా ఇటే తిరిగి ఉన్నాయి. బుద్ధి తెలిసినప్పటి నుంచి అజాన్ చెవిన పడని పూట అతనికి లేదు. ఇప్పుడు ఒక్క ముక్క వినలేదు.

"స్టేజీ మీద ఏమన్నా మోగిందా ఈ లోపల?"

"లైట్లోళ్ళు పాట పెట్టి బంద్ చేసిండ్రు. ఎందుకు?"

అదీ వినలేదు. మస్తాన్ వలీ ఆఫ్తాబ్ దగ్గర తాళంచెవి తీసుకుని, తలుపుకు తాళం వేసి, దాన్ని జేబులో వేసుకున్నాడు.

"దీనికి ఇంకో తాళంచెవి ఉందా?"

"లేదు."

"సరే. నమాజు చేసుకుని వస్తా. యిర్మీయా వాయించే స్నేర్ డ్రమ్ము తబ్రేజ్ గదికి తెప్పించు. బల్ల కింద పెట్టి గుడ్డ కప్పు."

"నీ హుకుంలు నేనెందుకు ఇనాలె?"

"ఇనాకు. పోలీసుల ముందర అమాయకుణ్ణి నిలబెట్టినానని రేపు నీ రిపోర్టులో రాసుకుందువు. ఈసారి నీ పేరే పెట్టుకో. నేనేమనను."

డ్రమ్ము తెప్పించాడు ఆఫ్తాబ్.

*

తబ్రేజ్ కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నాడు. సన్నటి మనిషి, నెరిసిన గడ్డం. నడుముకు పనిముట్ల బెల్టు. మస్తాన్ వలీని చూసి లేచి సలాం చేశాడు.

"ఆవో వలీ సాబ్. మా యిర్మీయా భాయ్‌ది మనసు మంచిదే. కోపం వస్తేనే మనిషి కాదు."

"నువ్వు మంచోడివని ఆయనా చెప్పినాడు. అసర్ ముందు ఏం చేసినావు?"

"స్నేర్‌కు కొత్త స్కిన్ బిగించిన. ఇయ్యాలనే ప్యాకెట్ ఇప్పిన. సఫేద్, పెండ్లి బట్ట లెక్క. భాయ్ వచ్చి కూసున్నడు. సౌండ్ చెక్ షురూ చేసిండు."

"నువ్వు?"

"ఎన్కనే ఉన్న. ఎప్పటి లెక్కనే."

"కదల్లేదు?"

"అడుగు గూడ."

"అజాన్ వచ్చింది. అప్పుడు?"

తబ్రేజ్ అరచెయ్యి చాపి గాల్లో పెట్టి చూపించాడు. అలవాటైన చెయ్యి. అందంగా పెట్టాడు. "పెద్ద సింబల్ మీద చెయ్యి వెట్టిన. ఠక్కున ఆపిండు. మానిటర్లు తీసి, ఇప్పుడే వస్త అని లేచిపోయిండు. నమాజ్ అయ్యేదాంక డ్రమ్స్ బంద్. మల్ల వచ్చినప్పుడు పరేషాన్ ఉండె, చెమటలు. కూసోని మల్ల కొట్టుడు షురూ చేసిండు. అప్పుడు నేను ఏం సమజ్ చేస్కోలే సాబ్. ఇప్పుడు దిల్ కొట్టుకుంటుంది."

ఆఫ్తాబ్ చాయ్ కప్పు నోటి దాకా ఎత్తి అక్కడే ఆపాడు. కప్పు దించకుండానే మస్తాన్ వలీ వైపు చూశాడు.

"ఇంకోసారి చెప్పు," అన్నాడు మస్తాన్ వలీ. "అజాన్ వేళ డ్రమ్స్ మోగలేదు."

"కసమ్. ఒక్క దెబ్బ లేదు."

"ఆఫ్తాబ్, నువ్వు చెప్పు."

ఆఫ్తాబ్ కప్పు బల్ల మీద పెట్టాడు. చెప్పడం అతనికి కష్టంగా ఉంది. "అజాన్ అంతసేపు మోగినయి రా," అన్నాడు. "మైదానం అంత ఇన్నది. గేటు కాడ గార్డులు ఇన్నరు. మజీదుల ఇన్నరు."

తబ్రేజ్ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. మెల్లిగా దిగింది.

"ఈ మైదానంలో ఆ మోత వినపడని చోటు ఒకటే ఉంది," అన్నాడు మస్తాన్ వలీ. "ఇందాక నేను ఆ చోట నిలబడితిని. నాకు మగ్రిబ్ వినపడలేదు. నీకు అసర్ వినపడలేదు. రోజూ ఆపుతావు కాబట్టి ఈ పొద్దూ ఆగిందనుకున్నావు. ఆపే చెయ్యి నీదే. ఆ చెయ్యి జనరేటర్ గదిలో ఇనప పానా పట్టుకుని ఉంటే డ్రమ్స్ ఎట్లా ఆగుతాయప్పా?"

"రికార్డింగ్... భాయ్ రికార్డింగ్ పెట్టి..."

ఈ మాట తబ్రేజ్‌కు ఇప్పుడే తట్టింది. ఆలస్యంగా తట్టింది. మస్తాన్ వలీ వంగి బల్ల కింది గుడ్డ లాగాడు. స్నేర్ డ్రమ్ము ఎత్తి బల్ల మీద పెట్టాడు. కొత్త స్కిన్ నడిమధ్య తెల్లపూత లేచిపోయి, బూడిదరంగు మచ్చ పడింది. చుట్టూ వందల గుంటలు.

"పెండ్లి బట్ట అన్నావు. చూడు ఏమైందో. నువ్వు బిగించినాక దీన్ని ముట్టింది యిర్మీయా ఒక్కడే. రికార్డింగు తోలును ఇట్లా చేయదు."

తబ్రేజ్ ఆ మచ్చ వైపు చాలాసేపు చూశాడు. తర్వాత నవ్వాడు.

"బాగా కొట్టిండు," అన్నాడు. "ఎప్పుడైనా బాగానే కొడతడు, సాలా. ఆ విల్లాలల్ల మొదాలు కొట్టింది నేను, ఎర్కనా? ఒకనాడు ఏసీ రిపేర్‌కు వచ్చిండు. ఒక్కసారి కూసుంట అన్నడు. ఆ దినం సంది ఆయన లేవలే, నేను కూసోలే. ఎన్కనే నిలవడ్డ. స్టిక్ పడితే అందిచ్చిన. చెమట వస్తే తుడిసిన. పాటలన్ని నాకు వస్తయి సాబ్. ఒక్క రాత్రి ఆయన లేకుంటే..."

"రాకాన్ ఏం చూసినాడు ఆ గదిలో?"

నవ్వు ఆగింది. తబ్రేజ్ నోరు మూసుకున్నాడు. పోలీసులు వచ్చేదాకా తెరవలేదు.

పోలీసులు వచ్చారు. ఒకణ్ణి పట్టుకెళ్ళడానికి వచ్చి ఇంకొకణ్ణి పట్టుకెళ్ళారు. బండి ఎక్కబోతూ తబ్రేజ్ వెనక్కి తిరిగాడు. "ఆఖరి పాట చూసి పో సాబ్. మస్త్ ఉంటది."

ఓడిపోయినవాడి ఏడుపు అనుకున్నాడు మస్తాన్ వలీ. అలా అనుకోవడం పొరపాటు.

*

ఇషా తర్వాత దీపాలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. తర్వాత ఒకే ఒక్క దీపం వెలిగింది, డ్రమ్స్ మీద.

యిర్మీయా స్టిక్స్ పైకెత్తి ఒకదానికొకటి కొట్టాడు. నాలుగోసారికి ఆకాశం బద్దలైంది. బేస్ డ్రమ్ము దెబ్బ రొమ్ముటెముకల్లో తెలుస్తోంది. ముందు వరుసల్లో సౌదీ కుర్రాళ్ళూ ఆడపిల్లలూ పాటలు మొత్తం నోటికి పాడుతున్నారు. వెనక వరుసల్లో ఏసీ మెకానిక్కులు, డ్రైవర్లు, నర్సులు. వాళ్ళకు పాట రాదు. అందుకని పేరు అరుస్తున్నారు. "యిర్మీయా! యిర్మీయా!" మూడో పాటకు సౌదీలూ అదే పేరు అందుకున్నారు. దిండ్ల మీద వాయించుకున్నవాడి పేరు మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు కొట్టుకుంటోంది.

స్టేజీ పక్కన తెర వెనక దీనమ్మ నిలబడి ఉంది. డ్యూటీ నుంచి నేరుగా వచ్చింది. తెల్ల యూనిఫాం. ఏడుస్తోంది, నవ్వుతోంది.

"చర్చిలో వీడు వాయిస్తుంటే పాస్టరుగారు బెదిరిపోయేవారు అన్నయ్యగారూ. ప్రభువుకి చెవుడు లేదు నాయనా, మెల్లిగా అనేవారు." చెంపలు తుడుచుకోవడానికి కొంగు లేదని గుర్తొచ్చి చుట్టూ చూసింది.

మస్తాన్ వలీ జేబులోంచి చేతిరుమాలు తీసి ఇచ్చాడు. ఆమె విప్పి, ఆగింది.

"ఇదేంటండీ?"

"రక్తం. మరిచిపోయినా తల్లీ, ఇటివ్వు. జనరేటర్ గదిలోది."

దీనమ్మ దాన్ని దీపం కిందికి తీసుకెళ్ళింది. వేలితో నలిపింది. వాసన చూసింది. ఆమె మొహంలో ఏడుపూ నవ్వూ రెండూ పోయాయి.

"రక్తం కాదండి. రక్తమైతే ఈపాటికి నల్లబడి గట్టిపడిపోయేది. ఇది ఇంకా ఎర్రగా జిడ్డుగానే ఉంది. ఏదో ఆయిలు."

దుమ్ము లేని బిగింపు. పంపు కింద చుక్కలు. రాకాన్ పరుగు. ఆఖరి పాట చూసి పో సాబ్.

మస్తాన్ వలీ, ఆఫ్తాబ్ ఇచ్చిన వాకీటాకీని నోటి దగ్గర పెట్టుకున్నాడు. "ఆఫ్తాబ్! లిఫ్టు ఎత్తొద్దను! గొట్టం వదులు చేసినారు. పైకి పోతే కూలిపోతుంది!"

"ఏం?"

"లిఫ్టు! వద్దు!"

"ఓకే, ఓకే. చెప్తున్న."

గాయకుడు మైకులో ఆఖరి పాట పేరు చెప్పాడు. జనం హోరు. మస్తాన్ వలీ డ్రమ్స్ కింది అరుగు వైపు చూశాడు. అరుగు కింద ఇనప కాళ్ళు ముడుచుకుని ఉన్నాయి. అవి వణికాయి. అరుగు జానెడు లేచింది.

అతను స్టేజీ మీదికి పరుగెత్తాడు. "యిర్మీయా! దిగు!" అని అరిచాడు. తన గొంతు తనకే వినపడలేదు. యిర్మీయా చెవుల్లో మానిటర్లున్నాయి. కళ్ళు మూసుకుని వాయిస్తున్నాడు. అరుగు మోకాలి ఎత్తుకు వచ్చింది. మస్తాన్ వలీ దాని అంచు పట్టుకుని ఎక్కాడు. భుజం పట్టి లాగితే తోసేస్తాడు. చెబితే వినడు. ఈ మనిషిని ఆపడానికి లోకంలో ఒకటే మార్గం ఉంది.

పెద్ద సింబల్ మీద అరచెయ్యి పెట్టాడు.

చేతి కింద ఇత్తడి ఒక్కసారి కొట్టుకుని చచ్చిపోయింది. యిర్మీయా కళ్ళు తెరిచాడు. దిగబోతున్న స్టిక్ గాల్లో ఆగింది. ఎందుకని అడగలేదు. ఆ చెయ్యి కనిపిస్తే ఆపాలి, అంతే.

మస్తాన్ వలీ అతన్ని నడుము పట్టుకుని కిందికి దూకాడు. ఇద్దరూ స్టేజీ మీద పడ్డారు. అరుగు డ్రమ్స్‌తో సహా పైకి పోయింది, ఎవరూ లేకుండా, దీపాల దాకా. అక్కడ ఒక్క క్షణం నిలిచింది. గొట్టం ఊడిన చప్పుడు. ఎర్రటి ఆయిలు చిమ్మింది. అరుగు మొత్తం కుప్పకూలింది. బేస్ డ్రమ్ము పగిలి రెండు ముక్కలైంది. సింబళ్ళు దొర్లుకుంటూ వెళ్ళి తెరల కింద పడ్డాయి.

ఇదంతా ఆటలో భాగమనుకుని జనం ఈలలేశారు. తర్వాత ఈలలు తగ్గాయి. గిటార్లు ఆగిపోయాయి. గాయకుడు మైకు పట్టుకుని బొమ్మలా నిలబడ్డాడు.

యిర్మీయా లేచాడు. మోచెయ్యి చీరుకుపోయింది. పగిలిన డ్రమ్స్ చూశాడు. తన చేతులు చూసుకున్నాడు. స్టిక్స్ ఇంకా చేతుల్లోనే ఉన్నాయి. తెర పక్కన డ్రమ్స్ మోసుకొచ్చే పెద్ద పెట్టె ఖాళీగా ఉంది. దాన్ని కాలితో స్టేజీ మధ్యకు నెట్టుకొచ్చాడు. బోర్లించాడు. ఒక మైకు స్టాండు వంచి దాని ముందు పెట్టాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు, క్యాంపు గదిలో దిండు ముందు కూర్చున్నట్టు.

కొట్టాడు.

చెక్కపెట్టె గొంతు అది. మోటు గొంతు. మొదటి దెబ్బకు జనం నిశ్శబ్దమయ్యారు. రెండో దెబ్బకు వెనక వరుసల్లో ఎవరో చప్పట్లతో తాళం అందుకున్నారు. పదో దెబ్బకు మైదానం మొత్తం కాళ్ళతో నేలను తన్నుతోంది. గిటారు అందుకుంది. గాయకుడికి గొంతు వచ్చింది. సింబళ్ళు లేవు, బేస్ డ్రమ్ము లేదు, లిఫ్టు లేదు. ఆ పెట్టె చాలింది. రాకాన్ కోరినట్టు అందరూ అతన్ని చూశారు. అతను నేల మీద ఉండగానే చూశారు.

ఆఫ్తాబ్ రొప్పుతూ వచ్చాడు. సూటు నిండా ఎర్ర ఆయిలు.

"చెప్పిన భాయ్, అల్లా సాక్షి, చెప్పిన! లిఫ్టోడు బటన్ ముట్టనే లేదు. మెయిన్ స్విచ్ బంద్ చేసి చేతులు పైకి లేపి నిలబడ్డడు. నా కండ్ల ముంగట్నే. అయినా లేచింది."

"ఇంకెక్కడి నుంచి లేపొచ్చు?"

"పంపు కాడ్నుంచి. చేత్తోని తిప్పితే..." ఆఫ్తాబ్ మాట మింగేశాడు.

దీనమ్మ ఫోను చెవికి అదుముకుని పరుగెత్తుకొచ్చింది. రెండో చెవి చేత్తో మూసుకుంది. "అన్నయ్యగారూ! ఆ పిల్లాణ్ణి చేర్చిన మా వార్డు నర్సు జాయ్‌సీ ఫోను. రాకాన్ కళ్ళు తెరిచాడంట! బతుకుతాడంట!" ఊపిరి పీల్చుకుంది. "ఒకే ఒక్క మాట అంటున్నాడంట. ఇద్దరు. ఇద్దరు అని."

అంటే తబ్రేజ్‌కు తోడు ఇంకొకడున్నాడు. మస్తాన్ వలీ జేబు తడుముకున్నాడు. తాళంచెవి జేబులోనే ఉంది. ఇంకో తాళంచెవి లేదని ఆఫ్తాబ్ చెప్పాడు.

స్టేజీ వెనక్కి నడిచాడు. రేకుల షెడ్డు దగ్గరకు వచ్చాడు. తాను తాళం వేసిన తలుపు తెరిచి ఉంది; ఇంకో తాళంచెవి ఎవరి దగ్గరో ఉంది.

లోపలికి అడుగుపెట్టాడు. జనరేటర్ల మోతలో ఇప్పుడూ ఏమీ వినపడలేదు. కానీ కాళ్ళ కింద నేల అదురుతోంది. పెట్టె మీద యిర్మీయా కొడుతున్న దెబ్బ, దాని వెనకే మైదానం మొత్తం వేస్తున్న అడుగు. అసర్ వేళ ఈ గదికి చేరని డ్రమ్ము ఇప్పుడు చేరింది.

పంపు వెనక ఒక నీడ కదిలింది. అక్కడ నక్కిన ఆ రెండోవాడికి కూడా అది తెలుస్తూనే ఉంటుంది. వాడి పని చెడిపోయిందన్న సంగతి వాడి అరికాళ్ళకు ముందే తెలిసి ఉంటుంది.

మస్తాన్ వలీ వెనక చేత్తో తలుపు మూసి, గడియ పెట్టాడు.